నల్ల వైరు మీద వెలిగిన బల్బు

జియావుల్లా గురించి మందమర్రిలోనూ, బెల్లంపల్లి రోడ్డు మీదా, కాగజ్‌నగర్ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఏడాదిగా నలుగుతున్న మాటల్లో చాలా భాగం తప్పు. కారు ఇంజనును చల్లబరిచే ఫ్యానుకు బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగమని ఫోనులో అతనే చెప్పాడని కొందరంటారు. అతను చెప్పలేదు. పాము కరిచిన ముసలామె వెనక సీట్లో ఊపిరికి కొట్టుకుంటుంటే రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని గంటసేపు బల్బుతో ఆడుకున్నాడంటారు. అది గంట కాదు, ఆట అంతకన్నా కాదు. తాను తెప్పించిన మోటరును అంటగట్టాలని ఆమెను వేరే బండి ఎక్కనీయలేదంటారు. ఎక్కనీయని మాట నిజం, చెప్పే కారణం అబద్ధం. అతని చేతి చలవతోనే ఆమె ఆసుపత్రి గడపదాకా ప్రాణంతో చేరిందని మెచ్చుకునేవారూ ఉన్నారు. ఆ మెప్పు కూడా తప్పు లెక్క మీద నిలిచిందే. ఇక పదకొండో రోజున ఆమె వాకిట్లో నిలబడి అతను అన్నవి మతి చలించిన మనిషి మాటలని అతని వీధివాళ్లే అంటారు. ఆ రోజు అతని మతి పూర్తిగా నిలకడగా ఉంది.

రెండు ఫోన్లలో మిగిలిన వేళలు, ఆసుపత్రి చీటీ, అక్కడున్న నలుగురి మాటలు పక్కపక్కన పెట్టి చూస్తే జరిగింది ఇది.

జియావుల్లా తండ్రి బొగ్గుగనిలో ల్యాంపు రూములో పనిచేసేవాడు. గనిలోకి దిగే ప్రతి మనిషి నెత్తికీ దీపం అందించడం, పైకి వచ్చాక తీసుకుని చార్జింగు పెట్టడం ఆయన ఉద్యోగం. దీపం వెలిగితేనే మనిషి దిగాలి. వెలుగుతుందిలే అన్న ధీమా ఆ గదిలో చెల్లేది కాదు. కొడుకు పద్నాలుగో ఏట కరీంనగర్‌లో బండ్ల కరెంటు పని నేర్చుకోవడానికి ఒక ఉస్తాదు దగ్గర చేరి, ఆరేళ్లు అక్కడే ఉండి, తిరిగి వచ్చి మందమర్రి మెయిన్ రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఆ షెడ్డులోనే ముప్పై నాలుగేళ్లు గడిచాయి. నెరిసిన గడ్డం, జేబులో మడత కళ్లద్దాలు, మెడ చుట్టూ టెస్ట్ బల్బు. చిన్న బల్బుకు రెండు వైర్లు, ఒక వైరుకు క్లిప్పు, రెండో వైరుకు మొన. కరెంటు ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడ ఆగిందో ఆ బల్బు చెప్పేది.

"నువ్వు చెప్పుడు కాదు, నేను చెప్పుడు కాదు. బల్బు చెప్పాలె" అనేవాడు.

మెకానిక్కుల భాషలో 'డైరెక్ట్' అని ఒక మాట ఉంది. ఇంజను వేడెక్కిందని పసిగట్టే సెన్సరు, ఫ్యానును ఆన్ చేసే రిలే, ఎక్కువ కరెంటు పోతే కాలిపోయి వైర్లను కాపాడే ఫ్యూజు, ఈ కావలివాళ్లందరినీ తప్పించి బ్యాటరీ నుంచి ఫ్యానుకు ఒక్క వైరు లాగేయడం. ఐదు నిమిషాల పని. ఫ్యాను తిరుగుతుంది, బండివాడు సంతోషంగా పోతాడు. లోపం మాత్రం లోపలే ఉండిపోతుంది, ఏదో ఒకనాడు వైరు అంటుకుంటుంది. జియావుల్లా ముప్పై నాలుగేళ్లలో ఒక్క బండికి కూడా డైరెక్ట్ చేయలేదు. ఇందులో అతిశయోక్తి లేదు. అతని పోటీదారులే ఒప్పుకున్నారు.

అయితే ఆ పట్టుదల వెంట ఒక అలవాటు కూడా వచ్చింది. బండి ఆగీ ఆగకముందే అతని నోట నిషేధాలు మొదలయ్యేవి. ఆ స్విచ్ ముట్టకు. ఏసీ పెట్టకు. డైరెక్ట్ చెయ్యకు. ఏం చేయాలో ఆ తర్వాత ఎప్పుడో చెప్పేవాడు. "మీ నోట్లకెల్లి ముందు 'వద్దు' వస్తది, గా ఎన్క సలాం వస్తది" అని భార్య ఖుద్సియా నవ్వేది. అప్పట్లో అది నవ్వుకునే విషయమే.

సంపత్ అనే డ్రైవరు మే నెలలో ఒక సోమవారం అతని షెడ్డుకు వచ్చాడు. ముప్పై మూడేళ్లవాడు. కాగజ్‌నగర్ అవతలి పల్లె. సొంతంగా ఏడు సీట్ల కారు నడుపుతాడు. ఫ్యాను ఒకసారి తిరుగుతోందనీ, ఒకసారి తిరగడం లేదనీ చెప్పాడు.

జియావుల్లా బల్బు క్లిప్పును బ్యాటరీ మైనస్‌కు తగిలించి, మొనను ఫ్యాను ఎర్ర వైరుకు ఆనించాడు. బల్బు నిండుగా వెలిగింది. అంటే కరెంటు ఫ్యానుదాకా వస్తోంది. అయినా ఫ్యాను తిరగలేదు. స్క్రూడ్రైవరు పిడితో మోటరు మీద రెండు దెబ్బలు కొడితే తిరిగింది. కరెంటు వచ్చి, దెబ్బ కొడితే తిరిగే మోటరు అంటే లోపల కరెంటు అందించే కార్బన్లు అరిగాయని అర్థం. ఆ పనిలో ఉన్న పదిమందిని అడిగితే తొమ్మిదిమంది అదే చెబుతారు.

"మోటరు పోయింది బేటా. కరీంనగర్‌కెల్లి బస్సుల తెప్పిస్త. గురువారం వస్తది. గప్పటిదాంక బండి తియ్యకు."

"బండి తియ్యకుంటే ఏం తియ్యాలె చాచా, గుంజీలా? గీ మూడు దినాలకు జర డైరెక్ట్ కొట్టు."

"నా షెడ్డుల గా మాటే లేదు. గా మోటరు కరెంటు గట్టిగ గుంజుతది. సన్నని వైరు పెట్టినవంటే కాల్తది."

సంపత్ నవ్వి బండి తీసుకుని వెళ్లిపోయాడు.

గురువారం పదకొండు గంటలకు మోటరు వచ్చింది. అదే రోజు తెల్లవారుజామున, ఎండల వల్ల వాకిట్లో చాప మీద పడుకున్న సంపత్ తల్లి చంద్రవ్వకు మణికట్టు దగ్గర ఏదో చురుక్కుమంది. చీమ అనుకుని తుడుచుకుంది. పది గంటలకు కనురెప్పలు వాలిపోవడం మొదలైంది, మాట ముద్దయింది. కట్లపాము కాటు అని కాగజ్‌నగర్ ఆసుపత్రిలో గుర్తించి మందు ఎక్కించారు. ఊపిరి బలహీనపడుతోంది, ఊపిరి మిషను ఉన్న చోటికి వెంటనే తీసుకుపొమ్మన్నారు. దగ్గరలోది మంచిర్యాల. అంబులెన్సు రావాలంటే గంట పైనే పడుతుందన్నారు. సంపత్ తల్లిని కారు వెనక సీట్లో పడుకోబెట్టి, ఆమె తల భార్య సృజన ఒడిలో పెట్టి, ఒంటిగంటా ఇరవైకి బయల్దేరాడు.

ఒకటీ నలభై రెండుకు జియావుల్లా ఫోను మోగింది.

"చాచా, అవ్వను పాము గరిసింది! మంచిర్యాల తీస్కపోతున్న. వేడి ముల్లు ఎర్రగీత కాడికి వచ్చింది, ఫ్యాన్ తిరుగుతలేదు. డైరెక్ట్ చెయ్యనా?"

"డైరెక్ట్ చెయ్యకు బేటా, వైరు కాల్తది! అద్దాలు దించు, హీటర్ ఫుల్లు పెట్టు, ఐదారు కిలోమీటర్లకొకసారి..."

అవతల ఎవరూ లేరు. అడవి రోడ్డు మీద సిగ్నల్ తెగిపోయింది. ఎక్కడ తెగిందో అప్పుడు అతనికి తెలియదు. మన భాషలో కాదనే మాట క్రియ చివరన ఉంటుంది. 'చెయ్యకు'లో 'కు' సంపత్ చెవికి చేరలేదు. 'డైరెక్ట్ చెయ్య' అన్నంతవరకే విని, దాన్ని 'చెయ్యి' అనుకున్నాడు. నలభై ఆరు డిగ్రీల ఎండలో, వెనక తల్లి గొంతులో గురక వినిపిస్తుంటే, ఎవరైనా అలాగే వినేవారు. హీటరు పెట్టమన్న మాట ముందు చెప్పి ఉంటే అది చేరేది. ఇంజనులోని వేడిని కొంత బండి లోపలికి లాగి, ముల్లును ఆ మేరకు కిందికి దించేది. కాని అతని నోట ఎప్పటిలాగే వద్దన్నది ముందు వచ్చింది.

జియావుల్లా ఆరుసార్లు తిరిగి ఫోను చేశాడు. ఒక్కసారీ కలవలేదు. షెడ్డులో అటూ ఇటూ తిరిగాడు. మందమర్రి మీదుగానే రావాలి గనుక వస్తాడని కాసేపు రోడ్డు చూశాడు. రెండూ ఇరవైకి ఇక ఆగలేక కొత్త మోటరును, పనిముట్ల సంచిని స్కూటరు ముందు పెట్టుకుని బెల్లంపల్లి వైపు ఎదురు వెళ్లాడు.

రెండూ నలభై ఒకటికి, బెల్లంపల్లికి ఇవతల ఆరు కిలోమీటర్ల దగ్గర, కారు కనిపించింది. బానెట్ ఎత్తి ఉంది. కాలిన ప్లాస్టిక్ వాసన దూరానికే తగిలింది. సంపత్ చేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. కారు నీడ పడిన పక్కన తలుపు తెరిచి, సృజన అత్త తలను ఒడిలో ఎత్తిపట్టి కొంగుతో విసురుతోంది. చంద్రవ్వ కళ్లు మూతబడి ఉన్నాయి. ఛాతీ లేస్తోంది, కాని లేచిన ప్రతిసారీ ఇదే ఆఖరుదా అన్నట్టు లేస్తోంది.

ఇంజను పక్కన నల్లగా ముడుచుకుపోయిన సన్నని వైరు ఒకటి వేలాడుతోంది. పాటల డబ్బాలకు వాడే వైరు.

"గిది ఎవడు పెట్టిండు?"

"నువ్వే చెయ్యమంటివి గద చాచా!"

"చెయ్యకు అన్నరా! చెయ్య-కు అన్న!"

"నాకు చెయ్యి అనే ఇనొచ్చింది..." సంపత్ వేలాడుతున్న వైరు వైపు చూపించాడు. "జరసేపు తిరిగింది చాచా, నీరసంగ. ఎన్క వైరు జారి సైలెన్సర్ పైపు మీద పడి పొగ లేసింది. గుడ్డతోని గుంజి పడేసిన."

"గిప్పుడు గా పంచాయితి ఎందుకు!" అని సృజన లోపలి నుంచి అరిచింది. "మీరిద్దరు ఎన్కసిరి కొట్టుకోండ్రి. ముందు బండి నడిపియ్యండ్రి."

జియావుల్లా కాలిన వైరును తీసి అవతల పారేశాడు. ఫ్యూజు చూశాడు, బాగుంది. సెన్సరు ప్లగ్గు ఊడదీశాడు. అలా చేస్తే సెన్సరు చెడిందనుకుని బండే ఫ్యానును ఆన్ చేస్తుంది. తాళం తిప్పమన్నాడు. రిలే టక్కుమంది. బల్బు క్లిప్పు బ్యాటరీ మైనస్‌కు తగిలించి, మొన ఎర్ర వైరుకు ఆనించాడు. నిండుగా వెలిగింది. ఫ్యాను కదల్లేదు. సోమవారం చెప్పిందే నిజమైందనుకున్నాడు. ఎర్రదాకా కరెంటు ఉంది, మోటరు చచ్చింది, కొత్త మోటరు చేతిలో ఉంది. ఆ ఎండలో, ఆ గురక మధ్య, అతనికి ఒక్క క్షణం తేలికగా అనిపించింది.

అప్పుడే అంతయ్య వచ్చాడు. గనిలో పనిచేసి రిటైరైన మనిషి, పక్కనే ఉన్న తన చేనుకు మోపెడ్ మీద నీళ్ల క్యాను తీసుకుపోతున్నాడు. సంగతి తెలుసుకుని క్యాను దింపేశాడు. రేడియేటరులో పోయడానికి ఆ నీళ్లే పనికొచ్చాయి. ఆ రోజు అడగకుండా సాయపడిన ఒకే ఒక్కడు అతను.

వచ్చీపోయే బండ్లకు సృజన చెయ్యి ఊపుతూనే ఉంది. బొగ్గు లారీలు ఆగలేదు, కార్లు రెండు ఆగకుండా పోయాయి. రెండూ యాభై రెండుకు ఒక ప్యాసింజరు ఆటో ఆగింది. సగం ఖాళీగా ఉంది. డ్రైవరు మంచిర్యాల దాకా వస్తానన్నాడు.

"చాచా, ఏం జేద్దాం? అవ్వను దీంట్ల ఏద్దామా?"

జియావుల్లా అప్పటికి ఫ్యాను బోల్టులు నాలుగింటిలో రెండు ఊడదీశాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"ఐదు నిమిషాలు బేటా. ఆటో ఎప్పుడు పోవాలె, ఎప్పుడు చేరాలె? దానెన్క పోయినా నీ కారే ముంగట చేరుతది. మోటరు బిగిచ్చుడే తరువాయి."

"పక్కానా చాచా?"

"పక్కా."

సృజన ఆటో వైపు, జియావుల్లా వైపు మార్చి మార్చి చూసింది. "అత్తమ్మను కూసోబెడితే ఊపిరి ఆగుతదేమో, ఆటోల పండవెట్ట రాదు" అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆటో వెళ్లిపోయింది.

మిగతా రెండు బోల్టులు వచ్చాయి. పాత మోటరు బయటికి తీశాడు. బిగించాక మళ్లీ తీసే పని పడకూడదని, కొత్త మోటరును చేతిలో పట్టుకునే బండి వైరుకు ప్లగ్గు పెట్టి, తాళం తిప్పమన్నాడు.

కొత్త మోటరు తిరగలేదు.

మళ్లీ తిప్పమన్నాడు. ప్లగ్గు తీసి ఊది పెట్టాడు. ఎర్ర వైరు మీద బల్బు పెడితే వెలుగుతోంది. మోటరు మాత్రం చేతిలో రాయిలాగా పడి ఉంది.

"గిది గూడ ఖరాబేనా చాచా?" సంపత్ ఏడుపు ఆపుకోవడం మానేశాడు. "గిప్పుడే ఆటో పాయె గద! గిప్పుడే పాయె!"

"అత్తమ్మా... అత్తమ్మా, కండ్లు తెర్వు... ఏమండి, పెదవులు నల్లగయితున్నయి!"

జియావుల్లా చేతులు వణకడం అంతయ్య చూశాడు. తర్వాత పదిమందికి చెప్పింది ఆ వణుకునే: చేతగాక వణికాడని. ఆ వణుకులో ఏముందో జియావుల్లా ఒక్కడికే తెలుసు. రెండు మోటర్లూ చెడిపోయి ఉండటం జరగని పని. మోటర్లు బాగుంటే, సోమవారం నుంచి తాను చెబుతున్నది తప్పు. సోమవారం కూడా, ఇప్పుడూ, బల్బు క్లిప్పును తాను బ్యాటరీ మైనస్‌కే తగిలించాడు. కరెంటు ఎర్ర వైరు గుండా మోటరుకు వచ్చే దారిని చూశాడు. మోటరు నుంచి నల్ల వైరు గుండా తిరిగి వెళ్లే దారిని ఒక్కసారి కూడా చూడలేదు. ముప్పై నాలుగేళ్ల అలవాటు ఆ వైరును ఎప్పుడూ బాగున్నదనే అనుకుంది.

మోటరును ప్లగ్గులోనే ఉంచి, బల్బు మొనను నల్ల వైరు మీద పెట్టాడు. అక్కడ బల్బు వెలగకూడదు. వెలిగింది. ఎర్ర వైరు మీద ఎంత వెలిగిందో అంతే వెలిగింది. వచ్చిన కరెంటుకు వెనక్కి పోయే దారి లేక నల్ల వైరు నిండా నిలిచి ఉంది.

వేలితో నల్ల వైరు వెంట పోయాడు. హెడ్‌లైటు వెనక, బండి బాడీకి ఒక బోల్టుతో బిగించి ఉంది. పైకి బిగువుగానే ఉంది. ఎప్పుడో సొట్టలు తీసే టింకరింగులో ఆ భాగానికి రంగు కొట్టి, రంగు మీదే బోల్టు బిగించారు. రంగు గుండా కరెంటు పోదు. మరలు ఇనుముకు తగిలినప్పుడు ఫ్యాను తిరిగింది, తగలనప్పుడు ఆగింది. సోమవారం స్క్రూడ్రైవరు దెబ్బలకు అదిరింది కార్బన్లు కాదు, ఆ బోల్టు.

అతను రంగు గీకడానికి కూడా ఆగలేదు. సంచిలోంచి లావు వైరు తీసి, ఒక కొస నల్ల వైరుకు చుట్టి, రెండో కొస బ్యాటరీ మైనస్‌కు బిగించాడు. కొత్త మోటరు చేతిలో గిర్రున తిరిగింది. దాన్ని పక్కన పెట్టి, తీసేసిన పాత మోటరుకు ప్లగ్గు పెట్టాడు. అదీ గిర్రున తిరిగింది. చెడిపోయిందని తాను చెప్పిన మోటరు.

కొత్తదాన్ని చట్రానికి ఎక్కించే వేళ లేక, పాతదాన్నే చట్రంతో సహా దించి రెండు బోల్టులు బిగించాడు. సంపత్ నీళ్లు పోశాడు. దూరం నుంచి చూస్తున్న అంతయ్యకు కనిపించింది బ్యాటరీ నుంచి ఫ్యానుకు లాగిన ఒక వైరు. "ఆఖరికి నువ్వు గూడ డైరెక్టే కొట్టినవ్ గద జియా భాయ్" అన్నాడు. అతను లాగింది వచ్చే కరెంటుకు కాదని, పోయే కరెంటుకని విడమరిచి చెప్పే వేళ కాదది. ఫోనులో డైరెక్ట్ చెప్పింది కూడా అతనేనన్న కథ ఆ మాటలోంచే పుట్టింది.

కారు మూడూ పద్నాలుగుకు కదిలింది. మూడూ యాభైకి మంచిర్యాల ఆసుపత్రి చీటీ మీద చంద్రవ్వ పేరు పడింది. అప్పటికి ఊపిరి ఉంది, మిషను పెట్టారు. ఆటో ఎక్కించి ఉంటే, మధ్యలో ఎవరినీ దింపకుండా పోయి ఉంటే, సుమారు మూడూ ముప్పై అయిదుకు చేరేది. తేడా పావుగంట.

జియావుల్లా స్కూటరు మీద వెనకే వెళ్లి, వార్డు బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆరు గంటలా ఇరవై నిమిషాలకు చంద్రవ్వ పోయింది. పావుగంట ముందు వస్తే బతికేదా అని సంపత్ అడిగాడు. "బతికేదని చెప్పలేను, బతికేది కాదనీ చెప్పలేను" అన్నాడు డాక్టరు. నిజాయితీగల జవాబు, కాని దాన్ని మోయడం ఎవరికైనా కష్టం.

సంపత్ నేల మీద కూలబడి కాలిన అరచేతిని నుదుటికేసి కొట్టుకున్నాడు. "నేనే డైరెక్ట్ చేసి, నా అవ్వను నేనే సంపుకున్న."

ఆ మాట జియావుల్లా విన్నాడు. ముందుకు ఒక అడుగు వేశాడు. ఆగిపోయాడు. వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాడు.

ఆ తర్వాతి పది రోజులూ అతను షెడ్డు తెరిచాడు, మూశాడు. వచ్చినవాళ్లు ఓదార్చినట్టే మాట్లాడారు. "నువ్వు చెయ్యకు అన్నా ఇనకపాయెనట గద పొల్లగాడు, నువ్వేం జేస్తవ్" అన్నారు. ఆ మాటకు అతను ఊఁ అనలేదు, ఉఁహూ అనలేదు. ఊరుకోవడం ఒప్పుకోవడమే అవుతుందని అతనికి తెలియనిది కాదు. నమాజుకు లేచి కూర్చుని, మొదలుపెట్టడం మరచి, అలాగే ఉండిపోయేవాడు. తినమంటే ఆకలి లేదనేవాడు. నల్ల వైరు మీద బల్బు వెలిగిన సంగతి తెలిసిన మనిషి లోకంలో తానొక్కడే. పాత మోటరు తిరగడం సంపత్ చూశాడు, కాని దాని అర్థం అతనికి తెలియదు. చెప్పకపోతే ఎన్నటికీ ఎవరికీ తెలియదు.

పదో రోజు సాయంత్రం ఖుద్సియా పళ్లెం ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని, ఏమైందో చెప్పేదాకా లేవనంది. అతను చెప్పాడు. ఆమె పళ్లెం పక్కకు జరిపింది.

"గా పిల్లగాడు ఏం మోస్తున్నడో ఎరుకేనా మీకు?" అంది. "మీది గూడ వాడే మోస్తున్నడు."

మర్నాడు పొద్దున ప్యాసింజరు రైల్లో కాగజ్‌నగర్ వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో పల్లె చేరాడు. వాకిట్లో పదకొండో దినం జరుగుతోంది. గుండు చేయించుకున్న సంపత్ ఒక మూల కూర్చున్నాడు. చంద్రవ్వ తమ్ముడు హనుమండ్లు నలుగురిలో గట్టిగానే అంటున్నాడు: "ఎవడన్న వైర్లతోని ఆటలాడుతడా? నీ తెలివికి మా అక్క పాయె. నీకు గా బండి ఇప్పిచ్చినోన్ని అనాలె."

"ఆపు హనుమండ్లూ" అని జియావుల్లా వాకిలి మధ్యకు వచ్చాడు. "నాది ఒక మాట ఉన్నది. అందరు ఇనాలె."

నిలబడే చెప్పాడు. సోమవారం తాను మోటరు చెడిందన్నది తప్పని చెప్పాడు. చెడింది ఒక బోల్టు అనీ, వెనక దారి కూడా చూసి ఉంటే సోమవారమే పావుగంటలో బాగయ్యేదనీ, అప్పుడు గురువారం ఫ్యాను ఆగేదే కాదనీ, వైరు పెట్టే అవసరమే వచ్చేది కాదనీ చెప్పాడు. "పొల్లగాని వైరుతోని బండి ఆగలే. గంతకు ముందే ముల్లు ఎర్రగీత మీద ఉండె. నీరసంగ తిరిగినా, గా వైరే జర దూరం తెచ్చింది. ఆటో పొమ్మన్నది నేను."

హనుమండ్లు లేచి నిలబడ్డాడు. "గిది చెప్పనీకి పదకొండు దినాలు పట్టిందా సాబ్?"

"పట్టింది."

"ఎందుకు పట్టింది?"

"భయపడ్డ."

"మా అక్క గూడ భయపడ్డది గా సీట్ల. ఆమెకు పదకొండు దినాలు దొరకలే." హనుమండ్లు తువ్వాల భుజాన వేసుకుని, అతని ముఖం చూడకుండా గడప దాటి వెళ్లిపోయాడు.

సంపత్ తల ఎత్తాడు. "ఒక్కటి చెప్పు చాచా. ఆటో ఆగినప్పుడు మోటరు బాగున్నదని నీకెరుకేనా?"

"ఎరుక లేదు బేటా."

"మరి పక్కా అంటివి."

"అన్న. సూడకుంట అన్న."

సృజన లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి జియావుల్లా ముందు పెట్టింది. తాగమని అనలేదు, పొమ్మనీ అనలేదు. అతను కొంచెంసేపు నిలబడి, నీళ్లు ముట్టకుండానే వెళ్లిపోయాడు. ఆ తర్వాత సంపత్ కారు అతని షెడ్డు ముందు ఆగలేదు. పల్లెలో సంపత్‌ను తప్పుపట్టే గొంతులు మాత్రం క్రమంగా తగ్గాయి.

కనుక చెప్పవలసింది ఇంతే. జియావుల్లా డైరెక్ట్ చేయమనలేదు. కాలయాపన చేయలేదు, ఎండలో ముప్పై మూడు నిమిషాలు ఒళ్లు దాచుకోకుండా పనిచేశాడు. లాభం కోసం ఆటోను పంపలేదు. చంద్రవ్వను అతను చంపలేదు, కాపాడనూ లేదు. చేసింది మూడు పనులు. సగం పరీక్ష చేసి పూర్తి తీర్పు చెప్పాడు. ఆ తీర్పును నమ్మి, అవసరంలో ఉన్నవాళ్లకు దొరికిన ఒక దారిని మూసేశాడు. నిజం తెలిశాక పది రోజులు దాచి, పదకొండో రోజున ఎవరూ అడగకుండానే తన నోటితో చెప్పాడు. మొదటి రెండూ తప్పులు. మూడోదానిలో ఆలస్యం తప్పు, చెప్పడం ఒప్పు.